అబ్బాజాన్ అంబాసిడర్

తిరుమలాయపాలెంలోని మా ఇంటి ముంగిట, వేపచెట్టు నీడన ఒక తెల్లని అంబాసిడర్ కారు నేటికీ నిలిచి ఉంటుంది. 1978 నాటి మార్క్ 3 బండి అది. అబ్బాజాన్ దానిని ఖమ్మంలో ఒక కాంట్రాక్టరు వద్ద పాతదిగానే కొన్నారు. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరి పన్నెండేళ్ళు గడిచాయి. ఇంటికి వచ్చిన బంధువులు మాత్రం "ఇంకా దీన్ని అమ్మలేదా?" అని అడుగుతూనే ఉంటారు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకు గర్వంగా జవాబిచ్చాము. మొన్నటి వర్షాకాలం తరువాత ఆ గర్వాన్ని కొంత సవరించుకోవలసి వచ్చింది.

అంబాసిడర్ అంటే మా తరానికి కేవలం బండి కాదు. ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో, హిందుస్తాన్ మోటార్స్ వారు బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1957లో దీని తయారీ మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ కర్మాగారంలో పని నిలిచిపోయేదాకా, మంత్రుల నుండి కిరాయి డ్రైవర్ల వరకు అందరూ దానినే ఎక్కారు. గేరు స్టీరింగు ప్రక్కనే ఉండేది. ముందు సీటు బల్లలా ఒకటే ఉండడం వల్ల అబ్బాజాన్ ప్రక్కన ఇద్దరు పెద్దలు, వారి ఒడిలో ఒక పిల్లవాడు సులభంగా ఇమిడిపోయేవారు. చలికాలం తెల్లవారుజామున బండి మొరాయిస్తే చోక్ లాగి, హ్యాండిల్ వేసి త్రిప్పడం మా పని.

ఆ బండి మా ఒక్క ఇంటిదే కాలేదు. పండుగనాడు నడవలేని వృద్ధులను ఈద్‌గాహ్‌కు చేర్చేది. నొప్పులు పడుతున్న ఆడపిల్లలను అర్ధరాత్రి ఖమ్మం ఆసుపత్రికి మోసుకుపోయేది. అందుకు అబ్బాజాన్ పెట్రోలు డబ్బులు కూడా అడిగేవారు కారు. "బండి అల్లాహ్ ఇచ్చిన అమానత్" అనేవారు.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు ఆయన నవ్వి, అగ్గిపెట్టెకు చక్రాలు తొడిగారన్నారు. అంబాసిడర్ ఇంజను 1489 సీసీ అయితే దాని ఇంజను 796 సీసీ మాత్రమే. కొన్నేళ్ళ తరువాత ఒక స్నేహితుని మారుతిలో ప్రయాణించి వచ్చి, "చిన్నదే కాని పిలవగానే పలుకుతుంది" అని ఒప్పుకున్నారు. కొత్తదానిలోని మంచిని ఒప్పుకొనే ఆ గుణాన్ని మేము ఆయన నుండి నేర్చుకోలేదు. బండిపై మమకారాన్ని మాత్రం వారసత్వంగా తీసుకున్నాము.

మొన్నటి వర్షాకాలంలో భద్రాచలంలో జరిగిన ఒక నికాహ్‌కు అంబాసిడర్‌లోనే వెళ్ళాము. తిరుగు ప్రయాణంలో గోదావరి వంతెన దాటి, పాల్వంచ వైపు అడవి దారిలో వస్తున్నాము. స్టీరింగు మా చేతిలోనే ఉంది. వెనుక సీటులో కోడలు, ఆమె ఒడిలో ఎనిమిది నెలల మా మనుమరాలు. ఒకచోట చప్టా మీదుగా వాగు నీరు పారుతోంది. ముందు బస్సు దాటింది కదా అని మేమూ దిగాము. నీరు చక్రాల సగానికి వచ్చింది. అందులోకి దిగడమే మా మొదటి తప్పు.

ఒడ్డెక్కి, వేగం అందుకొని, మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా పశువులు. బ్రేకు తొక్కాము. బండి ఆగలేదు. మా అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ములో నీరు చేరితే బ్రేకు షూ జారిపోతుంది, పట్టు దొరకదు. గేరు తగ్గించి, బండిని రోడ్డు దించితే ఒక పొదలో చిక్కుకొని ఆగింది. పాప తల్లి ఒడి నుండి జారి ముందు సీటుకు తగిలింది. నుదుటిపై బొప్పి కట్టింది. అంతకుమించి ఏమీ కాలేదు, అల్‌హందులిల్లాహ్. చప్టా దాటిన ప్రతిసారీ అబ్బాజాన్ కొంతదూరం మెల్లగా నడుపుతూ, బ్రేకును తేలికగా నొక్కిపట్టి ఆరబెట్టేవారు. మాకూ వందసార్లు చెప్పారు. ఆయన బండిని దాచుకున్నాము, ఆయన జాగ్రత్తను మరచిపోయాము.

ఆ రాత్రి మా పెద్దబ్బాయి నెమ్మదిగా అన్నాడు: "అబ్బా, దాదాజాన్ ఈ బండిని మన కోసం కొన్నారు. మనల్ని దీని కోసం పెంచలేదు కదా!" మా వద్ద జవాబు లేదు.

"కొత్త కార్ల రేకు పలుచన, అంబాసిడర్ అంటే ఉక్కు" అని మేమెన్నోసార్లు గొప్పగా చెప్పాము. అబ్బాయి మా పొరపాటును విడమరచి చెప్పాడు. కొత్త కారు ముందుభాగం నలిగేలా కావాలనే చేస్తారట. ఢీకొన్న దెబ్బను ఆ రేకు మ్రింగుతుంది. నలగని బండిలో ఆ దెబ్బ లోపలి మనుషులకు చేరుతుంది. హఠాత్తుగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్, డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు 2019 నుండి మన దేశపు కార్లలో తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు ఏ కారు ఎంత భద్రమో నక్షత్రాల లెక్కన చెబుతున్నాయి.

అలాగని కొత్త కార్లలో అంతా మేలేనని మేము అనము. దారిలో ఆగిన అంబాసిడర్‌ను పల్లె మెకానిక్ పానా, తీగముక్కతో నడిపించగలడు. కొత్త కారులో సెన్సార్ ఒకటి అలిగితే దానిని లారీకెక్కించి పట్టణానికి పంపవలసిందే. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఒక షోరూంలో అడుగుపెట్టగానే బండి గుణం చెప్పక ముందే ఏడేళ్ళ వడ్డీ కంతుల లెక్క చెప్పారు. భద్రత కోసం వడ్డీ ఊబిలో దిగడం మాకు సమ్మతం కాలేదు. అలాగని పసిపాపను పాత బండిలో త్రిప్పడమూ సమ్మతం కాలేదు. పదకొండు నెలలు దూర ప్రయాణాలకు బస్సులే ఎక్కాము. పొదుపు చేసిన సొమ్ముతో నాలుగేళ్ళు వాడిన చిన్న కారును రొక్కానికి కొన్నాము. ఏబీఎస్, రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. పాప కోసం వెనుక సీటులో పిల్లల కుర్చీ బిగించాము.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపు పచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను ఒకప్పుడు చూశాము. అందమైన బండి, కాని ఇక ఎవరినీ ఎక్కడికీ చేర్చదు. అంబాసిడర్‌కు ఆ గతి పట్టనివ్వలేదు. ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ ఊరిలోనే మెల్లగా నడుపుతున్నాము. పండుగనాడు వృద్ధులను ఈద్‌గాహ్‌కు చేర్చే పని దానిదే.

పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. భద్రాచలం నుండి బయలుదేరేటప్పుడు మేము సఫర్ దుఆ చదివాము, కాని వాగులో దిగేముందు ఆలోచించలేదు. ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ మనందరికీ తెలిసినదే. బండి పాతదైనా, కొత్తదైనా దాని బ్రేకులు చూడండి, టైర్లు చూడండి. పారే నీటిలో దిగకండి. వెనుక కూర్చున్నవారిచేత కూడా బెల్టు పెట్టించండి. పసిపిల్లలకు ఒడి చాలదని మాకు ఒక బొప్పి నేర్పింది. మీకు ఆ పాఠం దెబ్బ లేకుండానే అందాలని మా దుఆ.