గ్రాఫులో కనపడని చౌడు

మా సిరిగేరిలో నా మాట నమ్మి వేసిన బోరొకటి ఉప్పునీళ్ళ పాలైంది. అది మా చిన్నాయన పొలం. లెక్క నేను సరిగ్గానే చేశాను. తప్పు అంతకు చాలా ఏళ్ళ ముందే, నీడపట్టున కుర్చీ చూపిస్తే సంతోషంగా వెళ్ళి కూర్చున్నప్పుడే జరిగిపోయింది.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసినప్పటి నుంచీ మా వైపు తెలుగిళ్ళలో చాలామంది పిల్లల చదువు ఇలాగే సాగింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో భూమి కదిలి, రాళ్ళతో, మట్టితో కట్టిన ఇళ్ళ కింద వేలమంది చనిపోయారు. ఆ వార్తలు చదువుతుంటేనే హైదరాబాదులో 1961 నుంచీ ఎన్‌జీఆర్‌ఐ అనే సంస్థ ఒకటి ఉందనీ, భూమి లోపలి సంగతులు చూడటమే దాని పననీ తెలిసింది. భూభౌతికశాస్త్రం చదవాలని అప్పుడే పట్టుబట్టాను.

పరిశోధనలో చేరాక మొదటి సర్వేకి జీపు బయల్దేరుతుంటే మా గైడు, "ఎండలో నీకెందుకమ్మా, మగపిల్లలు డేటా తెస్తారు, నువ్వు కంప్యూటర్ మీద చూడు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాకూ ప్రాణం తేలికైంది. ఫీల్డులో బాత్రూము ఉండదు, లాడ్జిలో ఆడపిల్లకు గది దొరకదు, రాత్రి బస ఎక్కడంటే నాయనకు జవాబు చెప్పలేను. ఆ బెంగలన్నీ ఒక్క మాటతో తీరిపోయాయి. తరవాత పేపర్లొచ్చాయి, ఉద్యోగమొచ్చింది, ప్రమోషనొచ్చింది. గ్రాఫు చూసి భూమి పొరలు చెప్పడంలో ఆమె దిట్ట అన్నారు. నా చేతికి మట్టి అంటకుండానే ఆ పేరొచ్చింది.

బోరు వేసిన ఏడు కాలువ నీళ్ళు చివరి పొలాలకు అందలేదు. గుట్ట వారనున్న గరుసు చెలకలో బోరు వేయాలని చిన్నాయన అనుకున్నాడు. "పాపా, టెంకాయ పెట్టి చూసేవాళ్ళను పిలవను. నువ్వుండావు కదా" అన్నాడు. నేను ఇద్దరు విద్యార్థులను మెషీనుతో పంపించాను.

రెసిస్టివిటీ సర్వే అంటే నేలలో నాలుగు ఇనుపకడ్డీలు ఒకే వరసలో దిగ్గొడతారు. నేల ఎండి ఉంటే కడ్డీ మొదట్లో ఉప్పునీళ్ళు పోసి తడుపుతారు. బయటి రెండు కడ్డీల నుంచి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతుంది. ఆ కొలతలతో గ్రాఫు గీస్తే ఏ లోతులో ఏ పొర ఉందో అంచనా కట్టొచ్చు. పైన ఎండిన గరుసు, అడుగున గ్రానైటు, మధ్యలో కరెంటు సులువుగా పారే పొర. మా ప్రాంతపు గ్రాఫు చాలాచోట్ల ఇలాగే మధ్యలో పల్లంలా దిగుతుంది.

చిక్కంతా ఆ మధ్య పొరతోనే. 5 ఓం-మీటర్ల పొర 6 మీటర్ల మందం ఉన్నా, 15 ఓం-మీటర్ల పొర 18 మీటర్ల మందం ఉన్నా గ్రాఫు దాదాపు ఒకేలా వస్తుంది. మొదటిది చౌడు పట్టిన బంకమన్ను కావచ్చు. రెండోది నీరు నిండిన మెత్తరాయి కావచ్చు. ఈ సంగతి నేను ఏటా బోర్డు మీద రాసి పాఠం చెబుతాను. అయినా చిన్నాయనకు నీళ్ళు పడాలన్న ఆశ నన్ను రెండోదానివైపే లాగింది. పాయింటు అక్కడే పెట్టమని ఫోనులో చెప్పాను.

రిగ్గు దిగింది. జిగట బంకమన్ను, ఆ వెంటనే బూడిదరంగు రాతిపిండి. ఊరిన కాసిని నీళ్ళు నోట్లో పోసుకోలేనంత ఉప్పు. "నీళ్ళు పడ్తాయంటివి కదమ్మా" అన్నాడు చిన్నాయన, అంతే. కొంత డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పంట అప్పుకు బోరు అప్పు తోడైంది.

ఆ తరవాత వెళ్ళి చూశాను. ఆ చెలకకు కూతవేటు దూరంలో పాడుబడిన దిగుడుబావి ఉంది. దాని గోడలో బంకపొర చారలా స్పష్టంగా కనిపిస్తోంది. దాని మీద తెల్లగా ఉప్పు పూసింది. మెట్లు దిగి, గోరుతో ఆ మన్ను గీకి నాలిక మీద పెట్టుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా విద్యార్థుల నోట్‌బుక్కులో బావి ఊసే లేదు. చుట్టుపక్కల బావులు చూడాలని వాళ్ళకు నేనెప్పుడూ నేర్పలేదు, ఎందుకంటే నాకే ఆ అలవాటు లేదు.

సముద్రపు అడుగు మ్యాపు గీసిన మేరీ థార్ప్‌ను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె పనిచేసిన కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన ఓడ మీదికి ఏళ్ళ తరబడి ఆడవాళ్ళను ఎక్కనివ్వలేదు. ఇతరులు కొలిచి తెచ్చిన లోతుల నుంచే 1950ల్లో ఆమె అట్లాంటిక్ నడుమ ఉన్న పర్వతశ్రేణి నడినెత్తిన లోయ ఉందని కనిపెట్టింది. తోటి శాస్త్రవేత్త బ్రూస్ హీజెన్ మొదట ఆడవాళ్ళ కబుర్లని కొట్టిపారేశాడు. పక్కనే ఇంకొకరు సముద్రంలో వచ్చిన భూకంపాల చోట్లు అదే కొలతలో మ్యాపు మీద గుర్తిస్తున్నారు. ఆ చుక్కలు వచ్చి ఆ లోయలోనే పడ్డాయి. దారి మూసేసినా ఆమె దగ్గర రెండో సాక్ష్యం ఉంది. నాకు ఏ దారీ మూయలేదు, వెళ్ళొద్దని ఎవరూ గట్టిగా అనలేదు. నేనే వెళ్ళలేదు, రెండో సాక్ష్యం అడగనూ లేదు.

ఇప్పుడు మా బ్యాచ్‌లో కడ్డీ కొట్టే పని, మెషీను చూసే పని, గ్రాఫు గీసే పని అందరికీ వంతులు. అమ్మాయిలైనా అబ్బాయిలైనా ఇంతే. అమ్మాయిల ఇళ్ళకు ఫోను చేసి బస ఎక్కడో, తోడు ఎవరో నేనే చెబుతాను. ఊళ్ళో దిగగానే ముందు బావులు చూడాలి, నీళ్ళు రుచి చూడాలి, పాత బోర్లలో ఏ మట్టి వచ్చిందో రైతులను అడిగి రాయాలి. ఈ వేసవి సర్వేకి మా సిరిగేరి ఉన్న సిరుగుప్ప తాలూకాలోనే బస. అమ్మాయిలకోసం నీళ్ళొచ్చే మరుగుదొడ్డి ఉన్న బడి గదులు ఇమ్మని అర్జీ పెట్టాను. జవాబు రాకపోతే చిన్నాయన ఇంట్లో ఉంటాం. పిన్ని అప్పుడే జొన్నలు విసిరించి పెట్టానని కబురు చేసింది.