ఒడ్డు పక్కనే కష్టం

అన్నోజిగూడ నుంచి సముద్రం చాలా దూరం. వరంగల్ హైవే మీద పోయే లారీలే మాకు నిత్యం కనిపించే ప్రవాహం. అయినా ఎండలు ముదిరే వేళకు నా మనసు ఒక పడవ ప్రయాణం మీదికి పోతుంది.

2016 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగింది. అది ముగిశాక 56 అడుగుల తెరచాప పడవ మాదేయిని దాని సొంత రేవు గోవాకు చేర్చాలి. ఆ పని నౌకాదళ మహిళా అధికారుల బృందం చేసింది. తర్వాత 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే పడవ మీద 254 రోజుల్లో ప్రపంచం చుట్టి వచ్చారు. వాళ్లలో విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, మన హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. లోకం చెప్పుకునేది ఆ యాత్రనే. నాకు మాత్రం పడవను ఇల్లు చేర్చిన ఆ మొదటి ప్రయాణమే గొప్పగా తోస్తుంది.

ఎందుకంటే తెరచాప పడవకు నడిసముద్రం కంటే ఒడ్డే గడ్డు. లోతు తక్కువ, ఓడల రాకపోకలు ఎక్కువ. ఏప్రిల్ 15న 61 రోజుల వేట నిషేధం మొదలవుతుంది కాబట్టి, ఫిబ్రవరి అంటే వేట జోరుగా సాగే కాలం. రాత్రి చుక్కాని పట్టిన మనిషికి వల ఆనవాలుగా దొరికేది ఒక థర్మాకోల్ ముక్క. అది అల చాటున మునిగి, తీరా పడవ ముక్కు కింద తేలుతుంది. తాడు చుక్కానికి చుట్టుకుంటే ఎవరో ఒకరు కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగాలి. ఆ వల ఒక కుటుంబానికి కూడు, కోయడానికి చెయ్యాడదు.

ఇక గాలి. ఈశాన్యపు గాలి ఉన్నంతవరకే దక్షిణానికి పడవ సుఖంగా సాగుతుంది. ఫిబ్రవరిలో అది సన్నగిల్లుతుంది. తీరం వెంట నీరు కూడా ఉత్తరానికి మళ్లుతుంది. రామసేతు దగ్గర లోతు చాలదు గనక శ్రీలంకను చుట్టి రావాలి. కన్యాకుమారి దాటాక గోవా వైపు తిరిగితే పగటిపూట వాయవ్యపు గాలి ముఖానికే కొడుతుంది. ఎదురుగాలిలోకి ఏ తెరచాపా తిన్నగా పోదు. వంకరటింకరగా, ఒకసారి ఒడ్డుకేసి, ఒకసారి సముద్రానికేసి ఎగబాకాలి. రాత్రి నేల మీంచి వీచే గాలి కాస్త ఆదుకుంటుంది.

ఈ లెక్కలన్నీ ఒకప్పటి కోరంగి రేవు వాళ్లకు తెలుసు. అక్కడ కట్టిన పడవలు రంగూను దాకా వెళ్లొచ్చేవి. 1839 నవంబరు తుపాను ఆ రేవును ఊడ్చేసింది. మిగిలిందాన్ని ఒండ్రు పూడ్చింది, వ్యాపారం కాకినాడకు తరలింది. ఈ కథ చదివినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది.

హుస్సేన్‌సాగర్‌లో మన పిల్లలు తెరచాప పట్టడం నేర్చుకుంటున్నారు. ఒడ్డు లెక్కలు వాళ్లకూ తెలియాలంటే, చెరువులో గెలిచే పిల్లలను ఒక్కసారైనా అనుభవజ్ఞులైన నావికుల వెంట కాకినాడ నుంచి విశాఖకు, రాత్రి కూడా నడిచేలా, పడవ మీద పంపాలి. మార్చి నెలాఖరున బయల్దేరితే దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తుంది, నీరు కూడా అటే లాగుతుంది.