గోడ మీది నెంబరు

మా అవ్వకు చదువు రాదు. పుంగనూరు ఇంట్లో క్యాలెండరు పక్కన, గోడ మీద నా మొబైల్ నెంబరు పెద్దగా రాసిపెట్టాను. గోడ మీది అంకె ఆకారం చూసుకుని, ఫోన్లో అలాంటిదే వెతికి నొక్కేది. పది అంకెలకు రెండు నిమిషాలు. నా నెంబరు మారకూడదనే పట్టుదల అందుకే.

కుప్పంలో ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండగా, 2011 జనవరి 20న నెంబర్ పోర్టబిలిటీ దేశమంతా వచ్చింది. (హర్యానాలో రెండు నెలల ముందే మొదలైంది.) హాస్టలు గదిలో మా కంపెనీ సిగ్నలు కిటికీ దగ్గర మాత్రమే దొరికేది. 1900కి మెసేజి పెట్టి, వచ్చిన కోడు తీసుకెళ్లి అంగట్లో ఇచ్చాను. ట్రాయ్ పెట్టిన గరిష్ఠ రుసుము 19 రూపాయలు. ఒక రాత్రి ఫోను కాసేపు మూగబోయి, కొత్త సిమ్ముతో లేచింది. అవ్వ గోడ జోలికి పోవలసిన పని పడలేదు.

లోపల జరిగే పని నాకు భలే నచ్చింది. అంతవరకు నెంబరులోని మొదటి అంకెలే ఏ కంపెనీ, ఏ సర్కిల్ అన్నది చెప్పేవి. అంటే నెంబరే చిరునామా. ఇప్పుడది ఉత్త పేరైంది. చిరునామా వేరే డేటాబేసులో ఉంటుంది, కాల్ వచ్చినప్పుడు అక్కడ వెతుక్కుంటారు. ఎప్పుడో వదిలేసిన ఊరు ఇంటిపేరుగా మిగిలిపోవడం మనకు కొత్త కాదుగా!

అయితే ఈ సౌకర్యం సర్కిల్ లోపలే. అదే ఏడాది బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మా మదనపల్లె టమాటా లారీలు రోజూ పోయే దారే, టెలికాం లెక్కలో మాత్రం పరాయి సీమ. కుప్పం రైలైతే మరీను: కర్ణాటకలో బయల్దేరి, కాసేపు ఆంధ్రలో ఉండి, తమిళనాడులో దూరుతుంది. మూడు సర్కిళ్ళు. వచ్చే కాల్‌కి కూడా రోమింగ్ చార్జీ. కొన్నాళ్ళు భరించి, కర్ణాటక నెంబరు తీసుకున్నాను. నాయన పుంగనూరు వెళ్ళి గోడ మీద పాతది కొట్టేసి కొత్తది రాశాడు. అప్పటికే అవ్వ వేళ్ళకు పాతది అలవాటైపోయింది. రీచార్జి లేక ఆ సిమ్ము చచ్చిపోయింది, నెంబరు ఇంకెవరికో వెళ్ళింది.

సర్కిల్ దాటి పోర్ట్ చేసుకునే వీలు 2015 జూలై 3న వచ్చింది. నెట్‌వర్కుల్లో మార్పులు చేయాలి, సరే. నాలుగున్నరేళ్ళా? అవ్వ అంతకు ముందేడే పోయింది.

ఒక సంక్రాంతికి వెళ్ళినప్పుడు అనింది: "ఎవురో ఎత్తతాడు. మంచోడే. నువ్వు లేవంటాడు."

నెంబరు మారిందని మళ్ళీ చెప్పాను. అంతా విని, "నీ నెంబరు వానికెందుకిచ్చినావు నాయనా?" అని అడిగింది.