కబురు ముందా, మనిషి ముందా?

పదవీ విరమణ చేసినవాడికి కావలసినంత తీరిక ఉంటుందని లోకంలో ఒక నమ్మకం. చిక్కంతా ఆ నమ్మకంతోనే వస్తుంది. తీరిక ఉన్నవాడు కనుక పెళ్లిమాటలకు రావాలి, నిశ్చితార్థానికి ముందురోజే దిగాలి, ఆసుపత్రిలో రాత్రి తోడు పడుకోవాలి, మనుమల బడి సెలవుల్లో ఇంటిపట్టున ఉండాలి. ఉద్యోగం చేసే రోజుల్లో "సెలవు దొరకలేదు" అన్న ఒక్క మాట అన్నిటికీ సరిపోయేది. ఇప్పుడు ఆ మాట చెల్లదు. మరోవంక, కాళ్లలో సత్తువ ఉండగానే కాశీ, గయ, బదరి చూసి రావాలన్న కోరిక. ఈ రెంటినీ పొసగించుకోవడం ఎట్లాగన్నది మా కోరుకొండలో నా యీడువాళ్లు కలిసినప్పుడల్లా వచ్చే ప్రస్తావనే. దాన్ని గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు ఇవి.

అమెరికాలో కొందరు విశ్రాంత దంపతులు ఇల్లు అమ్మివేసి, వంటిల్లూ పడకా అమర్చిన పెద్ద వాహనంలో ఊరూరా తిరుగుతూ ఏళ్లు గడుపుతారట. అక్కడ పిల్లల దగ్గర ఉండి వచ్చినవాళ్లు ఈ సంగతి వింతగా చెబుతుంటారు. మనకు ఇది అంత వింత కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరినప్పుడు డేరాలు, పల్లకీలు, వంట సరంజామా, సుమారు నూరుమంది పరివారం వెంట ఉన్నారు. ఇల్లే కదిలి వెళ్లిందన్నమాట. ఆయన సుప్రీంకోర్టులో దుబాసీ. ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్లినవాడు. 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలల పదిహేను రోజులయింది. దారి పొడుగునా చూసినవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి వ్రాసి పంపుతూ వచ్చారు. ఆ వ్రాతలే ఆయన గతించిన తరువాత 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినాయి.

ఆ పుస్తకం ఎప్పుడు తిరగేసినా నాకు ఒకటే ఆలోచన వస్తుంది. ఆ కాలంలో కబురూ మనిషీ ఇంచుమించు ఒకే వేగంతో నడిచేవారు. చెన్నపట్నంలో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ సంగతి నాగపూరు చేరేసరికి రోగికి నయమైనా అయి ఉండేది, కర్మకాండ అయినా ముగిసి ఉండేది. అందుకే "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒక్కటే" అన్న సామెత పుట్టింది. అందరికీ చెప్పవలసినవి చెప్పి, అప్పగింతలు పెట్టి, అప్పుడు గడప దాటేవారు. దుఃఖం ఉండేది గాని, 'సమయానికి రాలేదు' అన్న నింద ఉండేది కాదు.

మన ధర్మశాస్త్రాలు కూడా ఈ సంగతిని గుర్తించే మాట్లాడినాయి. దూరదేశంలో ఉన్నవాడు జ్ఞాతి మరణవార్తను పదిరోజుల లోపల వింటే మిగిలిన రోజులే మైల. పది దాటి మూడు నెలల లోపల వింటే మూడు రాత్రులు. ఏడాది దాటి వింటే స్నానంతో శుద్ధి. తల్లిదండ్రుల విషయంలో మాత్రం ఎప్పుడు విన్నా, విన్న నాటి నుండి పదిరోజులూ పట్టవలసిందే. ఈ నియమాలను నమ్మేవారు నమ్ముతారు, లేనివారు లేదు. నాకు వాటిలో కనిపించేది పెద్దల దయ. మనిషి ఇంట లేకపోవడాన్ని వారు నేరంగా చూడలేదు. కర్తవ్యం చెవిన పడ్డ క్షణం నుండి మొదలవుతుందన్నారు.

ఇప్పుడు చెవిన పడే క్షణం మారిపోయింది. మణికర్ణిక మెట్ల మీద ఉండగానే జేబులో ఫోను మ్రోగుతుంది. కబురు రెప్పపాటులో వస్తుంది. మనిషి మాత్రం రెప్పపాటులో వెళ్లలేడు. రైలు మీద కాశీ నుండి విజయవాడ చేరి, అక్కడ మారి రాజమహేంద్రవరంలో దిగి, మా గుమ్మం తొక్కేసరికి రెండు రోజులు. నేటి యాత్రికుని బాధ అంతా ఈ రెండు రోజుల ఎడంలోనే ఉన్నది.

2019 కార్తికంలో మేమిద్దరం కాశీలో ఉన్నాము. తొమ్మిది నెలల గర్భవాసానికి గుర్తుగా తొమ్మిది రాత్రులు అక్కడ నిద్ర చేయడం మనవాళ్ల ఆనవాయితీ కదా. ఆరవనాటి ఉదయం మా వదినగారి అబ్బాయి బెంగుళూరు నుండి ఫోను చేశాడు. "బాబాయిగారూ, అమ్మ పెరట్లో జారి పడింది. తుంటి విరిగిందట. ఎల్లుండి ఆపరేషను." వదినగారికి ఆడపిల్లలు లేరు, భర్త లేరు. నా భార్య గంగలో మునిగి వచ్చిన తడిచీరతోనే నిలబడి విన్నది. కాసేపు ఊరుకుని, "నేను వెళతాను. మీరు ఉండి తొమ్మిదీ పూర్తి చేసి రండి" అన్నది. ఒంటరిగా ఎట్లా పంపడమని నేను తటపటాయిస్తే, "అక్కకు కావలసింది నేనండీ. ఇద్దరం వెళ్లి ఆ పిల్లవాడికి ఇంకో మనిషి తిండి చూసే పని పెట్టడం దేనికి?" అన్నది. ఆ మధ్యాహ్నమే విమానం ఎక్కించాను. హైదరాబాదులో మా అబ్బాయి కలుసుకుని మరునాడు మధురపూడి విమానానికి ఎక్కించాడు. ఆపరేషను గదిలోకి తీసుకువెళ్లే వేళకు అక్క చేయి పట్టుకుని ఆమె ఉన్నది.

నేను మిగిలిన నాలుగు రాత్రులూ ఉండి వచ్చాను. బంధువులలో మాట వచ్చింది. "ఇంటి మనిషి మంచాన పడితే ఆయనకు పుణ్యం ముఖ్యమయింది" అన్నారు. నా భార్యే వారికి సమాధానం చెప్పింది. "ఆడవాళ్ల వార్డులో ఆయన చేసే సేవ ఏముందమ్మా? బయట బెంచీ మీద కూర్చుని కాఫీ తాగడమేగా!" వదినగారు మంచం మీద నుండే నవ్వి, "మరిదిగారు నా పేరున కూడా ఒక మునక వేశారా?" అని అడిగారు. వేశానని చెప్పాను. వేసిన మాట నిజమే.

ఆనాటి నుండి మేమిద్దరం ఒక కొలత పెట్టుకున్నాము. కబురు వచ్చినప్పుడు చుట్టరికం ఎంత దగ్గరిది అని కాక, అక్కడి పని మనం తప్ప మరొకరు చేయలేనిదా అని చూడాలి. కన్యాదానం మనమే చేయాలి. తల్లిదండ్రుల కర్మ మనమే చేయాలి. పురిటి మంచం మీద ఉన్న కూతురికి తల్లే కావాలి. ఇటువంటివాటికి ఎక్కడున్నా తిరగవలసిందే. గృహప్రవేశం, నిశ్చితార్థం, పుట్టువెంట్రుకలు మన ఆశీస్సు కోరేవి. వచ్చాక వెళ్లి చీర పెట్టి రావచ్చు. కొన్ని విధులు మన వెంటే వస్తాయి కూడా. నాన్నగారి తిథి ఒకసారి గయలో ఉండగా వచ్చింది. ఇంట్లో పెట్టే తద్దినం కన్న అక్కడ నా మనసు ఎక్కువ నిలిచింది.

ఇక ప్రయాణం ఎప్పుడన్నది పంచాంగమే చాలావరకు చెబుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, అధికమాసం, గురుశుక్ర మౌఢ్యాలు — ఇవి పెళ్లిళ్లు లేని రోజులు, కనుక మన రోజులు. ఊరికే రావు గదా! భాద్రపదంలో గంగ పొంగి ఘట్టాల మెట్లు మునిగి ఉంటాయి. పుష్యంలో ఉత్తరాదిన మంచు కమ్మి రైళ్లు గంటల తరబడి నిలిచిపోతాయి. ఫాల్గుణ శుద్ధ ఏకాదశి నుండి పున్నమి దాకా మా కొండ మీది లక్ష్మీనరసింహస్వామి తీర్థం. ఆడపిల్లలు పుట్టింటికి వచ్చే రోజులవి. అప్పుడు మేము ఊరు కదలము.

వాహనం ఎంచుకోవడంలోనూ ఇదే విచారణ. మా ప్రాంతం నుండి వంటవాళ్లు, గ్యాసు పొయ్యి, గిన్నెలతో సహా యాత్రా బస్సులు బయలుదేరుతాయి. వేళకు మన రుచిగల అన్నం, పక్కన మన మాట. కాని నడుమ కబురు వస్తే బస్సు మన కొఱకు ఆగదు, వెనక్కు తిరగదు. ఇంట్లో వృద్ధులున్నవారికి, పురుళ్లు రానున్నవారికి రైలే మేలు. రైలు టికెట్లకు ముందస్తు గడువును 2024 నవంబరు నుండి నూట ఇరవై రోజులకు బదులు అరవై రోజులు చేశారు. చాలామంది విసుక్కున్నారు గాని నాకు ఇది మేలే అయింది. మన పెళ్లిళ్లు నాలుగు నెలల ముందు ఎవరికి తెలుస్తాయి? వృద్ధులకిచ్చే రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆగిపోయింది. టికెట్టు రద్దు చేసుకుంటే పోయే డబ్బు ఇప్పుడు ఎక్కువే. ఆ నష్టాన్ని యాత్ర ఖర్చులో ముందే కలిపి లెక్క వేసుకుంటాము. తిరుగు విమానానికి సరిపడే సొమ్ము విడిగా ఉంచుతాము. మా మందుల చీటీలు, బీమా కాగితాలు, తాళంచెవి పక్కింటివారి దగ్గర ఉంటాయి. కబుర్లన్నీ మా తమ్ముడికి చేరాలి; ఏది మాకు వెంటనే చెప్పాలో, ఏది తెల్లవారాక చెప్పాలో వాడు చూసుకుంటాడు. పదిమంది పది రకాలుగా చెప్పే కంగారు తప్పింది.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015 జూలైలో ఆ పన్నెండు రోజులూ మా ఇంట్లో వంటపొయ్యి ఆరలేదు. ఎక్కడెక్కడి చుట్టాలో వచ్చి, స్నానాలు చేసి, మా అరుగు మీద నడుము వాల్చి వెళ్లారు. వారిలో ఇంట రోగిని వదలి వచ్చినవారున్నారు, సగంలో ఫోను వచ్చి తిరిగిపోయినవారున్నారు. ఈసారీ అలాగే వస్తారు. అప్పుడు మేము యాత్ర పెట్టుకోము. ఎవరికి ఏ వేళ కబురు వచ్చినా రాజమహేంద్రవరం స్టేషనుకు పంపడానికి ఒక ఆటోవాణ్ణి ఆ పన్నెండు రోజులకూ మాట్లాడి ఉంచాలని మా ఆవిడ ఇప్పటి నుండే అంటున్నది.