నోరు ముందు, మాట వెనక

కంప్యూటరులోనూ దారాలుంటాయని మా మేనల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు. థ్రెడ్లు అంటారట. నూలువి కావు, పనివి. వీడియో ఆడుతున్నప్పుడు ఒక థ్రెడ్డు బొమ్మలు చూపిస్తే, ఇంకొకటి శబ్దం వినిపిస్తుంది. రెండూ ఒకే గడియారం చూసి నడవాలి. పాత సినిమా రీళ్ళలో శబ్దం తన బొమ్మకంటే సుమారు 20 ఫ్రేములు ముందుండేది. ఆపరేటరు లూపు సరిగ్గా వదలకపోతే హీరో నోరు మూశాక డైలాగు వినపడేది. హాలంతా ఈలలు!

సెకనుకు 24 బొమ్మల్లో రెండు మూడు అటూ ఇటూ అయితే మనబోటివాళ్ళం పట్టించుకోం. మా అమ్మ పట్టుకుంటుంది. ఆమె సిరిసిల్లలో సాంచాల చప్పుడులో పెరిగింది. చెవులు అక్కడే పోయాయని నా అనుమానం. పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది.

మేనల్లుడిది హైదరాబాదులో వీడియో సాఫ్టువేరు రాసే ఉద్యోగం. మల్యాల వచ్చి, కొండగట్టు దర్శనం కాగానే, మా తమ్ముడు దుబాయి నుంచి పంపిన వీడియోను తన ప్రోగ్రాములో పెట్టి చూపించాడు. మధ్యలో ఆపి మళ్ళీ నడిపాడో లేదో, అమ్మ మొహం చిట్లించింది.

"నోరు ముందు పోతున్నది బిడ్డా, మాట ఎనుక వస్తున్నది."

"బాగానే ఉంది కదా అమ్మమ్మా!"

"నీకు బాగనే ఉంటది. నీకు చెవులున్నయి."

పదిసార్లు ఆపి నడిపితే ఒకసారి తప్పుతోంది. ఎక్కడో పట్టుకుందామని, ప్రతి అడుగుకూ సమయం రాసిపెట్టే వాక్యాలు చేర్చాడు. అంతే, తప్పు మాయం! ఇన్‌స్పెక్షను నాటి బడిపిల్లల్లాగా రెండు థ్రెడ్లూ బుద్ధిగా నడిచాయి. ఆ రాత పనితో బొమ్మల థ్రెడ్డు కాస్త ఆలస్యమవుతోందట. "ఆ రాతలు అట్లాగే ఉంచరాదూ?" అన్నాను. వేరే కంప్యూటరులో ఆ ఆలస్యం చాలదన్నాడు, జాలిగా.

సంగతి విని అమ్మ అంది: "పడుగు విడినంకనే నాడె ఉరకాలె. తొందరపడితె పోగులు తెగుతయి."

సరిగ్గా అదే జరుగుతోంది. శబ్దం థ్రెడ్డు స్పీకరును మేలుకొలిపి గడియారం సరిచేసే లోపల, బొమ్మల థ్రెడ్డు పాత లెక్కతో బయలుదేరుతోంది. ఆ తేడా చివరిదాకా పోదు. శబ్దం నుంచి 'కదిలాను' అన్న కబురు అందేదాకా బొమ్మలు ఆగేట్టు మార్చాడు. రాసింది నాలుగు వాక్యాలు, పట్టింది రెండు రాత్రులు.

మూడోనాడు అమ్మ తమ్ముడి వీడియోను నాలుగుసార్లు ఆపించి నడిపించింది. ఐదోసారి అడగలేదు.

"వీడు దసరకు రానంటున్నడు గదా," అంది.