పొడుగు టామ్, పొట్టి జెర్రీ

టామ్ అండ్ జెర్రీ అనగానే ఎవరికైనా పిల్లీ ఎలుకా గుర్తొస్తాయి. ఆ జంట పుట్టింది 1940లో. అంతకు తొమ్మిదేళ్ళ ముందే న్యూయార్క్‌లోని వాన్ బ్యూరెన్ స్టూడియో ఇదే పేరుతో ఇంకో జంటను తెరమీదికి తెచ్చింది. వీళ్ళు మనుషులు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. ఒకసారి టాక్సీ తోలతారు, ఇంకోసారి పియానోలు శ్రుతి చేస్తారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1933లో, వీళ్ళ ఆట కట్టు. పిల్లీ ఎలుకలకు పేరొచ్చాక, ఇళ్ళల్లో వేసుకునే ప్రింట్ల మీద వీళ్ళ పేర్లు కొట్టేసి డిక్, లారీ అని పెట్టారు. పిల్లీ ఎలుకలకు ప్రాణం పోసిన ఇద్దరిలో ఒకరైన జోసెఫ్ బార్బెరా మొదట్లో పనిచేసింది ఈ వాన్ బ్యూరెన్‌లోనే. సొంత పేరు కూడా దక్కని ఈ ఇద్దరంటే నాకు ప్రాణం.

మేముండేది వర్జీనియాలో. ఇక్కడి కల్పెపర్ ఊరి పక్కన ఒక గుట్టలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ సినిమా భాండాగారం ఉంది. అణుయుద్ధం వస్తే దేశానికి డబ్బు కరువు కాకూడదని నోట్ల కట్టలు దాచిన కట్టడం అది. 2007 నుంచి అందులో ఫిల్ములు దాస్తున్నారు. నైట్రేట్ ఫిల్ముల కోసమే 124 గదులున్నాయి. నైట్రేట్‌కు నిప్పంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు, మంటకు కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. అందుకే గదికీ గదికీ మధ్య అంత మందం గోడలు, లోపల అంత చలి. అలాంటి సరుకు మీద తీసిన నవ్వులాట ఇన్నేళ్ళు బతికిందంటే ఎవరో ఒకరు పట్టుబట్టి కాపాడబట్టే. అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. 1930, 31లలో వచ్చిన టోబీ అనే కుక్కపిల్ల కార్టూన్లు మొత్తం పన్నెండు, వాటిలో కొన్ని నేటికీ దొరకలేదు.

మాటలొచ్చిన తొలి రోజుల్లో, అంటే 1928 నుంచి ఓ నాలుగైదేళ్ళు, కార్టూన్లు గీసేవాళ్ళకు పూనకం వచ్చినట్టుంటుంది. డిస్నీ వాళ్ళు మెట్రోనోమ్ టిక్కుల లెక్కన ఫ్రేములు పంచుకుని ‘స్టీమ్‌బోట్ విల్లీ’ని తాళంలో పెట్టారు. అంతకు కొద్దివారాల ముందే పాల్ టెర్రీ ‘డిన్నర్ టైమ్’ శబ్దంతో వచ్చింది గానీ ఆ గౌరవం దానికి దక్కలేదు. శబ్దం వచ్చాక సెకనుకు 24 ఫ్రేములని ఖాయమైంది. ఏడు నిమిషాల కార్టూన్ అంటే పదివేల ఫ్రేములు, వాటిలోని బొమ్మలన్నీ చేత్తో గీసినవే. వాన్ బ్యూరెన్ వాళ్ళ గీత డిస్నీ గీతంత నున్నగా ఉండదు. ఒక ఫ్రేములో ఉన్న చెయ్యి కొలత ఇంకో ఫ్రేములో ఉండదు. అయినా తలుపూ, కుర్చీ, చెట్టూ, ఎముకా, అన్నీ తాళానికి ఊగుతాయి. ‘పెన్సిల్ మేనియా’లో గాల్లోనే పెన్సిల్‌తో బొమ్మ గీస్తే అది లేచి నడుస్తుంది. ఆ ధైర్యం, ఆ తొందర నాకు నచ్చుతాయి. నచ్చనివీ ఉన్నాయి. ‘ప్లేన్ డంబ్’లో నల్లవాళ్ళను వెక్కిరించిన తీరు చూస్తే ఒళ్ళు మండుతుంది. దాన్ని కత్తిరించి దాచడం కాదు, ఇది తప్పని చెప్పి చూపించాలి.

మొన్న చలికాలం అమ్మ కంచికచర్ల నుంచి వచ్చి మా దగ్గర ఉంది. బయట మంచు, ఇంట్లో టీవీ సీరియళ్ళు. ఒక రాత్రి ‘వాట్ ఎ నైట్’ పెట్టాను. ఈ జంటకు అదే మొదటి కార్టూన్. జోరువాన, పాడుబడ్డ కోట, అందులో ఒక అస్థిపంజరం తొట్లో కూర్చుని స్నానం చేసి తువ్వాలుతో తుడుచుకుంటుంది. అమ్మ నోటిమీద చెయ్యేసుకుని, “ఎముకలు నీళ్ళు పోసుకుంటన్నాయేంట్రా!” అంది. కాసేపు ఆ పొడుగువాణ్ణీ పొట్టివాణ్ణీ చూసి, “వీళ్ళు మన జుట్టుపోలిగాడి వరసే గదా” అంది.

నేను కార్టూన్ ఆపేశాను. అమ్మ చిన్నప్పుడు, పత్తితీతలు అయిపోయి చేతిలో కాస్త డబ్బాడే రోజుల్లో, ఊళ్ళోకి తోలుబొమ్మలాటవాళ్ళు వచ్చేవాళ్ళట. శివరాత్రికైతే జాగారం వాళ్ళతోనే. తెల్లబట్టలు రెండు ముళ్ళతో కలిపి గుచ్చి తెర కట్టేవాళ్ళు. వెనక దీపం. రాముడూ రావణుడూ పద్యాల్లో మాట్లాడుతుంటే మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా కేతిగాడూ దూరి ఊరి సంగతులన్నీ కడిగేసేవాళ్ళు. యుద్ధం వచ్చినప్పుడు ఆడించేవాళ్ళు కాళ్ళకింద చెక్కపలకల్ని దడదడ తొక్కేవాళ్ళు. అమ్మ అది చెబుతూ మా గచ్చు మీద మడమతో కొట్టి చూపించింది. “బొమ్మ కొట్టిందీ, చప్పుడయిందీ ఒకేసారిరా. రవ్వంత అటూ ఇటూ అయితే జనం గోల చేసేవాళ్ళు.”

అమెరికాలో వాళ్ళు టిక్కులు లెక్కేసి సాధించింది మా మెట్టలో కాలిమడమతో అయ్యేది. బొమ్మ ఆడించే మనిషే గొంతూ, అడుగుల దరువూ. ఇందులో ఏది గొప్ప అనే పోటీ నాకు అక్కర్లేదు. ఒకటి మాత్రం బాధపెడుతుంది. అక్కడివాటికి గుట్టలో చల్లటి గది ఉంది. మన తొలి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’కే ప్రింటు లేదు. అంత పేరున్న సినిమానే పోగొట్టుకున్నవాళ్ళం, రాత్రి ఆడి తెల్లారి మూటకట్టుకుని పోయే ఆటను ఎవరు రాసి పెట్టుకుంటారు?

మర్నాటి నుంచి అమ్మను కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేశాను. బంగారక్క తిట్లు బాగానే గుర్తున్నాయి, కొన్ని ఇక్కడ రాయలేను. పోలిగాడి జవాబులు సగం వచ్చాయి. పద్యాలు రాలేదు. ఒకసారి టీవీ గొంతు నొక్కేసి, టామ్ జెర్రీలు పరిగెత్తుతుంటే వాళ్ళిద్దరి గొంతులూ అమ్మే పెట్టింది. అది విన్నాక మా పిల్లలకు ఆ కార్టూన్ ఇంగ్లీషులో నచ్చడం మానేసింది.

నందిగామ, జగ్గయ్యపేట వైపు ఆ ఆటవాళ్ళ కుటుంబాలు ఎవరైనా ఉన్నారేమో వాకబు చెయ్యమని మా బాబాయికి చెప్పాను. బొమ్మలు చీకిపోయి ఉండొచ్చు, పద్యాలు మర్చిపోయి ఉండొచ్చు. చెక్కపలకల దరువు తెలిసిన మనిషి ఒక్కరు దొరికితే, ఈ వేసవికే వస్తానన్నాను.