నాగావ్ కొలిమి దగ్గర

భివండీకి కొత్తగా వచ్చిన చుట్టాలు మొదటి రాత్రి అడిగే ప్రశ్న ఒకటే: "ఈ చప్పుడు ఎప్పుడు ఆగుతుంది?" ఆగదని చెబితే నమ్మరు. ఠాణా జిల్లాలోని ఈ ఊళ్ళో మరమగ్గాలు లక్షల మీద లెక్క. ఇక్కడైనా, సిరిసిల్లలోనైనా మనవారు వాటిని సాంచాలనే అంటారు. పద్మనగర్, కామత్‌ఘర్ సంగతులు మన పాఠకులకు నేను కొత్తగా చెప్పవలసిన పని లేదు. నాగావ్ వైపు మాత్రం మనలో చాలామంది పనిమీద తప్ప పోరు.

నాగావ్ సందులు ఇరుకైనవి. రెండు వైపులా రేకుల షెడ్లు. తలుపు తీసి ఉంటే లోపల నాడె అటూ ఇటూ పరుగెత్తడం కనిపిస్తుంది. నూలు బీములు మోసే తోపుడుబళ్ళు, చాయ్ దుకాణాలు, గాలిలో తేలే నూలు పీచు. వీటి నడుమనే నడక. సాంచా ఆడాలంటే నేతగాడు ఒక్కడే చాలడు. అరిగిన పళ్ళచక్రం మార్చడానికి లేతు పనివాడు, వెల్డింగు పనివాడు, వడ్రంగి, కమ్మరి కావాలి. వీరి దుకాణాలు కూడా ఆ షెడ్ల మధ్యనే ఉన్నవి. అందులో ఒక కొలిమిని గురించి, అక్కడ నేను కత్తి చేయడం నేర్చుకుంటున్న సంగతిని గురించి నాలుగు మాటలు వ్రాస్తాను.

నేను ఒక బట్టల గోదాములో గుమాస్తాను. ఇక్కడి మాటలో మేతాజీ. చదువు మెట్రిక్‌తో ఆగినది. వచ్చిన తాకాలెన్ని, పోయిన తాకాలెన్ని అని వ్రాయడమే నా పని. మా తాత చేతిమగ్గం నేసినవాడు, మా నాన్న సాంచా నడిపినవాడు. మూడో తరానికి వచ్చేసరికి చేతికి కలం తప్ప వేరే పనిముట్టు తెలియదు. నలభై దాటిన తరువాత, చేత్తో ఒక వస్తువైనా చేయాలని కోరిక పుట్టింది. గోదాముకు పోయే దారిలోనే కొలిమి ఉన్నది. కొలిమి యజమాని ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి స్థిరపడిన ముసలి ముస్లిం కమ్మరి; అందరూ చాచా అంటారు. "మేతాజీ, లెక్కలు చాలలేదా?" అని నవ్వి, ఆదివారం రమ్మన్నాడు.

ఇంట్లో వాళ్ళు నవ్వలేదు. "ఈ ఊళ్ళో మీకు కత్తి తప్ప వేరే వస్తువు దొరకలేదా?" అన్నది మా ఇంటావిడ. సంఘంలో ఒక పెద్దాయన, "తమ్మీ, డెబ్బై నాటి సంగతి నీకు తెలియదు" అన్నాడు. ఆయన మాటను తీసివేయడానికి వీలు లేదు. 1970 మేలోను, 1984 మేలోను ఈ ఊళ్ళో జరిగిన మతకలహాలలో ఎన్ని ప్రాణాలు పోయాయో, ఎన్ని ఇళ్ళు కాలిపోయాయో చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. అటువంటి ఊళ్ళో కత్తి అనే మాటకు కూరగాయ ఒకటే గుర్తుకు రాదు.

అయితే ఇదే ఊరికి మరొక కథ కూడా ఉన్నది. 1980ల చివర ఇక్కడ డిప్యూటీ కమిషనరుగా ఉన్న సురేశ్ ఖోపడే గారు వాడవాడనా మొహల్లా కమిటీలు పెట్టించి, రెండు మతాలవారిని ఒకచోట కూర్చోబెట్టారు. 1992-93లో బొంబాయి తగలబడినప్పుడు భివండీ ప్రశాంతంగా ఉన్నది. ఇరుగుపొరుగు ఒకరినొకరు ఎరిగి ఉండటం వల్లనే అది సాధ్యమైనదని ఇక్కడివారు చెబుతారు. పొరుగువాని కొలిమి దగ్గర కూర్చొని పని నేర్చుకోవడం కూడా ఆ ఎరుకలో భాగమే కదా అని నేను మా పెద్దాయనకు మనవి చేసుకున్నాను. చాచాకు కూడా ఒక నియమం ఉన్నది: వంటింటికి, పొలానికి, పనికి కావలసిన కత్తి తప్ప మరొకటి ఆయన చేయడు. చట్టం చెప్పేది కూడా దాదాపు ఇదే. 2016 ఆయుధ నియమాలలో 9 అంగుళాలకు మించి పొడవు, లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తిని ఆయుధంగా చెప్పారు; ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఇచ్చారు.

ఇక పని సంగతి. కత్తికి ఏ ఇనుమైనా పనికిరాదు. ఇళ్ళు కట్టే ఊచలో కర్బనం తక్కువ. ఎంత కాల్చి ముంచినా అది గట్టిపడదు. భివండీ గోదాములకు వచ్చే లారీలకు లెక్కలేదు గనుక, విరిగిన స్ప్రింగు పట్టీలకు ఇక్కడ కరువు లేదు. వాటిలో కర్బనం నూటికి అరపాలు పైన ఉంటుంది. అరిగిపోయిన మంచి ఆకురాయిలో ఇంకా ఎక్కువ. తెలియని ముక్క దొరికితే చాచా దానిని సానచక్రానికి తాకిస్తాడు. మెత్తని ఇనుమైతే నిప్పురవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. ఉక్కైతే రవ్వలు చివర చీలి కాకరపువ్వొత్తిలా విచ్చుకుంటాయి.

కొలిమిలో పట్టీ నారింజ రంగుకు రాగానే దాగలి మీద పెట్టి సాగగొట్టాలి. ఎర్రదనం మాడిపోతుంటే సుత్తి ఆపాలి. చల్లారిన ఉక్కును కొడితే లోపల పగుళ్ళు పుడతాయి. ఆకారం వచ్చిన తరువాత మళ్ళీ కాల్చి నెమ్మదిగా చల్లార్చి, ఆకురాయితో రాయాలి. ఈ రాయడమే మూడు ఆదివారాలు పట్టింది.

ఆ తరువాత గట్టిపరచడం. ఎంత వేడి కావాలో తెలుసుకోవడానికి చాచా ఒక అయస్కాంతం ఉంచుకున్నాడు. సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానుతుంది. అది మానిన తరువాత మరి కాస్త కాల్చి, గోరువెచ్చని నూనెలో నిలువుగా ముంచాలి. అప్పుడు ఆకురాయి కూడా దాని మీద జారిపోతుంది. అంత గట్టి అలుగును చూసి పని అయిపోయిందనుకున్నాను. చాచా అటువంటిదే మరొక ముక్కను పట్టకారుతో పట్టి దాగలి అంచున సుత్తితో కొట్టాడు. గాజులా రెండు ముక్కలైంది. "గట్టిది కాబట్టే విరిగింది" అన్నాడు.

అందువల్ల గట్టిపడిన కత్తిని మళ్ళీ కొంచెం మెత్తబరచాలి. సుమారు 200 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచితే, మెరుగుపెట్టిన ఉక్కు మీద ఎండుగడ్డి రంగు తేలుతుంది. అంచుకు కాఠిన్యం నిలుస్తుంది, పెళుసుదనం తగ్గుతుంది. మనం పదును అనే మాటను వాడిమికి మాత్రమే వాడుతుంటాము. కమ్మరివారి పదునులో కాల్చడం, ముంచడం, మెత్తబరచడం మూడూ ఉన్నవి.

ఇది సరదాకు చేసేవారు లోకమంతటా ఉన్నారు. అమెరికాలో 1976లో ఏర్పడిన బ్లేడ్‌స్మిత్ సొసైటీవారి పరీక్షలో, వ్రేలాడే అంగుళం మోకును ఒక్క వేటుతో తెంపాలి. కట్టె నరికిన తరువాత కూడా అదే అంచుతో వెంట్రుకలు గొరగాలి. చివరకు కత్తిని గూటాలో బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. అంచు గట్టిగా, వెన్ను మెత్తగా ఉంటేనే అది నెగ్గుతుంది.

ఈ విద్యకు మన గడ్డ కొత్తది కాదు. నిజామాబాదు జిల్లా కోన సముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 1832లో అచ్చయిన వాయిసీ అనే ఆంగ్లేయుని వ్యాసంలో ఆ ఊరి పని వర్ణన ఉన్నది. ఐరోపావారు దానిని వూట్జ్ అన్నారు. ఆ మాటకు మూలం మన దక్షిణాది ఉక్కు అనే మాటేనని పండితులు చెబుతారు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819 నుంచి కొన్నేళ్ళు దాని గుట్టు తెలుసుకోవడానికి పరిశోధించాడు. కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుంచి వచ్చిన మనం ఆ ఉక్కు పుట్టిన చోటికి పొరుగువాళ్ళమే. ఆ మూసలు చల్లారాయి, చేతిమగ్గాలు తగ్గాయి. ఇప్పుడు నాడె లేని కొత్త మగ్గాలు వచ్చి సాంచాలను కూడా పాతసామానుకు పంపుతున్నవి.

నా మొదటి కత్తికి పిడి పాతసామానులో దొరికిన నాడెలదే. కండె పట్టే బోలు భాగం వదిలి, మొనల దగ్గరి గట్టి చెక్క కోసి రెండు వైపులా బిగించాము. మా అమ్మ ఆ పిడిని తడిమి, "ఇది సాంచా నాడె గదరా బిడ్డా" అని గుర్తుపట్టింది. అలుగు 6 అంగుళాలు. మా ఇంటావిడ మొదట్లో కత్తిపీట వదలలేదు. ఇప్పుడు ఉల్లిగడ్డలకు దానినే అడుగుతున్నది. రెండో కత్తి చాచా కోడలి వంటింటికి చేసి ఇచ్చాను.

నేర్చుకోదలచిన సోదరులకు రెండు హెచ్చరికలు. నూలు పీచు ఎగిరే షెడ్డు దగ్గర కొలిమిగాని, సానచక్రంగాని నడపరాదు. ఒక్క రవ్వ చాలు. కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా సానపట్టరాదు.

మన సంఘం హాలులో పిల్లలకు ఆదివారాలు లెక్కలు, ఇంగ్లీషు చెప్పిస్తున్నాము; మంచిదే. నెలకు ఒక ఆదివారం ఏదో ఒక చేతిపని కూడా చెప్పిస్తే బాగుంటుంది. మొదటగా ఇంట్లో మొద్దుబారిన చాకును సానరాతి మీద పదును పెట్టడం నేర్పవచ్చును. చాచాను అడిగాను, పిలిస్తే వస్తానన్నాడు. పెద్దలు ఆలోచించగలరు.